ఏప్రిల్లో దానిమ్మ

ఐత్ వర్గా, ఫిబ్రవరి 16

నా కోడిపిల్లా,

అమ్మ రాస్తున్నాను. నేనూ అమ్మమ్మా బాగానే ఉన్నాం. రెండు మేకలు బాగున్నాయి. మూడోది మీ నాన్న పోయినప్పటి నుంచి మేత సరిగా ముట్టడం లేదు. ఆయన ఉన్ని అంగీ తొడుక్కుని వెళ్ళి నేనే పెట్టి చూశాను. నా మొహం చూసి పక్కకు తిరిగింది. దానికున్నంత పట్టుదల మన చుట్టాల్లో ఎవరికీ లేదు.

మీ నాన్న పోయాక కట్టిన తెల్లబట్టల గడువు, నాలుగు నెలల పది రోజులు, ఇంకా తీరలేదు కదా, గడప దాటడం లేదు. ఇంటికొచ్చిన వాళ్ళు చెప్పిందే నాకు లోకం. నిన్న టాక్సీ హమ్మూ వచ్చి, మీ హాస్టలు వార్డెన్ బతూల్ గారు పంపారంటూ ఒక పొట్లం చేతిలో పెట్టాడు. విప్పితే గ్యాస్ బండకి తగిలించే రబ్బరు ట్యూబు. కొత్తది, బిగించే కట్లతో సహా. మనం పరామర్శకి చక్కెర దిమ్మ పట్టుకెళ్తాం, మెక్నెస్ వాళ్ళు ట్యూబు పంపుతారేమో అనుకున్నాను. అమ్మమ్మ కూడా అలాగే అనుకుని దాన్ని కళ్ళకద్దుకుంది.

అప్పుడు హమ్మూ తల దించుకుని, జరిగినదానికి మిమ్మల్నెవరూ ఏమీ అనరు అక్కా, కానీ పాత ట్యూబు మాత్రం పారేయండి అన్నాడు. ఏం జరిగిందన్నాను. ఇత్తో మొహం కాలడం అన్నాడు.

ఎప్పుడు, ఏ ఆసుపత్రిలో ఉంది అని అతని చొక్కా పట్టుకున్నాను. ఇప్పుడు కాదు, చిన్నప్పుడట కదా అని అతనే నన్ను ఎదురడిగాడు. కాలిందంటున్నది నీ మచ్చ ఉన్న చెంపేనట.

ఇత్తో, ఇదేమిటో వెంటనే రాయి. అంతదాకా నాకు నిద్ర పట్టదు. హమ్మూకి చొక్కా గుండీ ఒకటి కుట్టి ఇవ్వాలి.

నీ అమ్మ,
ఇజ్జా

*

మెక్నెస్, ఫిబ్రవరి 20

అమ్మా,

ముందు ఒక మాట. కవరు మీద కోడిపిల్ల అని రాయకు. ఉత్తరాలు భోజనాల దగ్గర పిలిచి ఇస్తారు. వార్డెన్ గారు "కోడిపిల్ల ఎవరు" అని రెండుసార్లు అరిచారు. నేను లేవలేదు. మూడోసారి ఇక్రామ్ నా చెయ్యి పట్టుకుని ఎత్తింది. ఇక్రామ్ అంటే నా పక్క మంచం అమ్మాయి.

నాకేం కాలేదు. మొదటి రోజు అందరూ చుట్టూ మూగి మొహానికేమైందని అడిగారు. కాలిందన్నాను. అంతే. అయ్యో అన్నారు, చోటిచ్చారు, ఇంకేం అడగలేదు. అలా అంటే తేలిక. నువ్వు దీన్ని పెద్దది చేయకు. హమ్మూ మామతో ఏమీ అనకు. అతనికి చెప్తే రేడియోకి చెప్పినట్టే.

లెక్కల్లో క్లాసు మొత్తానికి రెండోదాన్ని. ట్యూబు బాగుందా? వార్డెన్ గారు అడిగారు.

ఇత్తో

*

ఐత్ వర్గా, ఫిబ్రవరి 25

కోడిపిల్లా (కవరు మీద రాయలేదు, చూసుకో),

ట్యూబు బాగుందా అని అడుగుతున్నావా? దాన్ని మేకని కట్టే మేకుకి తగిలించాను.

ఇరవై ఏళ్ళుగా పొయ్యి దగ్గర ఉన్నాను. బండ రెగ్యులేటరు ఒకసారి కట్టేసి, సగం దూరం వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసే మనిషిని. మీ నాన్న నవ్వేవాడు, నువ్వు స్వర్గం గుమ్మంలోంచి కూడా బండ చూడ్డానికి వెనక్కొస్తావని. అలాంటి నన్ను, పిల్లని పొయ్యిలో వదిలేసిన దాన్ని చేశావు. మెక్నెస్‌లో నలభై మంది ఆడపిల్లలు పడుకునే ముందు నా గురించి ఏమనుకుంటున్నారో తల్చుకుంటే అన్నం దిగడం లేదు.

నీ మొహం సంగతి నీకు తెలీదా? పాపాయిగా ఉన్నప్పటి నుంచీ వింటున్నావు. ఇంకోసారి రాస్తాను, వాళ్ళకి చదివి వినిపించు. నువ్వు కడుపులో ఉండగా ఏప్రిల్ నెలలో నాకు దానిమ్మ పండు మీదకి మనసు పోయింది. మామూలుగా కాదు, గోడ వైపు చూసినా దానిమ్మ గింజలే కనపడేవి. మీ నాన్న మూడు సంతలు తిరిగాడు. చివరికి రంగులు అద్దేవాడి దగ్గర ఎండిన దానిమ్మ తొక్కలు తెచ్చాడు, వాసన అదే కదా అని. మీ అమ్మమ్మ ఆ తొక్కలు ఆయన మీదకే విసిరింది. కోరిక తీరని చూలాలు ఒంటి మీద ఎక్కడ చెయ్యి వేసుకుంటే బిడ్డకి అక్కడే మచ్చ పడుతుంది, అందుకని వేసుకోక తప్పకపోతే పిర్ర మీద వేసుకోమంటారు, ఎవరికీ కనపడదు. నేను ఆ రోజంతా చేతులు వెనక్కి పెట్టుకునే కూచున్నాను. సాయంత్రం చెంప మీద ఈగ వాలింది. ఇదీ జరిగింది. ఇందులో నిప్పెక్కడుంది?

అమ్మమ్మ పక్కనే కూచుని, అల్లుడి బద్ధకం వల్ల అని కూడా రాయమంటోంది. నేను రాయను. కానీ తను చూస్తోంది కాబట్టి రాసినట్టు చెయ్యి ఆడిస్తున్నాను.

నాకు అర్థమైంది ఇత్తో. పల్లెటూరి అమ్మని చూసి నీకు సిగ్గేస్తోంది. ఈ వెర్రి కథంతా పట్నం పిల్లలకి చెప్పలేక కాలిందన్నావు. సరే. తెల్లబట్టలు మార్చిన మర్నాడే బయల్దేరి వస్తాను. నా నోటితో నేనే చెప్తాను.

ఇజ్జా

*

మెక్నెస్, మార్చి 3

అమ్మా,

రావద్దు. ఇప్పుడు అసలు రావద్దు. చాలా దూరం వెళ్ళిపోయింది.

ఇంకేం అడగలేదని రాశాను కానీ, తర్వాత ఎలా కాలిందని ఇక్రామ్ అడిగింది. టీ కెటిలు మీద పడిందన్నాను. ఎవరు పడేశారంది. నీ పేరు చెప్పడం ఇష్టంలేక పిల్లి అన్నాను. పిల్లి ఏ రంగంది. ఇప్పుడు ఆ పిల్లి బూడిద రంగుది, ఒక చెవి తెగి ఉంటుంది, మంగళవారం దూకింది. ఏ రోజు ఏం చెప్పానో గుర్తుపెట్టుకోలేక నాకు తల తిరుగుతోంది. చరిత్ర పాఠం కంటే కష్టంగా ఉంది.

ఈలోగా వార్డెన్ గారు ఇరవై రెండో తేదీన ఒక సభ పెట్టారు. వంటింట్లో గ్యాస్ జాగ్రత్తల గురించి. అగ్నిమాపక ఆఫీసరు వస్తారు, హెల్మెట్ పెట్టుకుని. ఊళ్ళో అమ్మలందర్నీ పిలిచారు. ఆయన తర్వాత మాట్లాడాల్సింది నేను. "నీ అనుభవం చెప్తే నలుగురు పిల్లలు బతుకుతారు" అన్నారు. కాదని ఎలా అంటాను?

పిల్లి కథ చెప్తే రెండొందల మంది ముందు దొంగదాన్ని. నిజం చెప్తే రెండొందల మంది ముందు అబద్ధాలకోరుని. అందుకని ఆలోచించాను. సభకి ముందే ఇంటికొచ్చేస్తాను. చదువు ఇంక చాలు. మేకల్ని చూసుకుంటాను.

అమ్మా, మన ఊళ్ళో నా మొహం నాది. అందరికీ అలవాటు. దుకాణం దగ్గరికెళ్తే ఉప్పు ఇచ్చి పంపేవాళ్ళు. ఇక్కడ ప్రతి మెట్ల మలుపులో అద్దం ఉంది. ఎడమ చెంప గోడ వైపుకి వచ్చేలా బల్ల వెతుక్కుని కూచుంటాను. బస్సులోనూ అంతే. కాలిన పిల్లంటే ఏదో జరిగిన పిల్ల. జరగక ముందు బాగానే ఉండేది కదా అనుకుంటారు. ఇలాగే పుట్టానంటే, ముందు అంటూ లేదు. అది నాకిష్టం లేదు.

హమ్మూ మామ ఏ రోజు ఖాళీగా వెళ్తాడో కనుక్కో.

ఇత్తో

*

ఐత్ వర్గా, మార్చి 7

కోడిపిల్లా,

హమ్మూ ఏ రోజూ ఖాళీగా రాడు. ఒక మనిషి పట్టే చోట ముగ్గుర్ని కుక్కుతాడు. నువ్వు ఇంటికొచ్చే మాట ఇంకోసారి రాయకు. సెప్టెంబరులో మీ నాన్న నీ రేకు పెట్టె భుజాన పెట్టుకుని కొండ దిగుతుంటే నేను వెనకాల నడిచాను. మధ్యలో దింపుకోవయ్యా అంటే, దింపితే మళ్ళీ ఎత్తలేనేమో అన్నాడు. అప్పటికే ఒంట్లో బాగాలేదని మనకి తెలీలేదు. ఆ పెట్టె మళ్ళీ ఇంటికి రాకూడదు, నువ్వు చదువు పూర్తి చేసేదాకా.

నీ ఉత్తరం అందిన రాత్రంతా ఆలోచించాను. సరే. నిన్ను నేనే కాల్చాను.

నవ్వకు. పద్దెనిమిదికి నా గడువు తీరుతుంది. ఇరవై రెండున వచ్చి ముందు వరసలో కూచుంటాను. నువ్వు లేచి పిల్లి కథ చెప్పు, నేను తల ఊపుతాను. ఎవరైనా అడిగితే, అవునమ్మా, నాదే తప్పు, నీళ్ళు తోడ్డానికి వెళ్ళాను అంటాను. ట్యూబు మేకు మీంచి తీసి పొయ్యికి బిగించాను, ఎవరైనా చూడ్డానికొస్తే ఉంటుందని. నా పరువు నేను మోసుకుంటాను. నువ్వు స్కూల్లో ఉండు.

అమ్మమ్మ కూడా వస్తానంటోంది. రోజూ సాయంత్రం తనకి పాఠం చెప్తున్నాను. నిన్న ఇలా జరిగింది.

"మనింట్లో పిల్లి ఎప్పుడుంది?" అంది.

"ఇప్పుడుంది" అన్నాను.

"ఏదీ?"

"అబద్ధంలో ఉందమ్మా. బూడిద రంగుది."

"అయితే ఆ పిల్లి దూకినప్పుడు నీ మొగుడు ఎక్కడున్నాడు? దానిమ్మ తేవడానికి వెళ్ళాడా?" అంది.

రోజూ అక్కడికే వస్తోంది. తనని వదిలేసి రావాలో, నోటికి గుడ్డ కట్టి తేవాలో తెలియడం లేదు.

నీ అమ్మ, కెటిలు మీద పడేసిన
ఇజ్జా

*

మెక్నెస్, మార్చి 11

అమ్మా,

నీ ఉత్తరం స్నానాల గదిలో తలుపేసుకుని చదివాను. ముందు నవ్వాను, తర్వాత చాలాసేపు బయటికి రాలేదు. బయట ఐదుగురు బకెట్లతో తిట్టారు.

నువ్వు అలా చెప్పొద్దు. నీ గురించి సిగ్గుపడి కాదు నేను అలా అన్నది. ఎందుకో రాస్తాను, అమ్మమ్మకి చదివి వినిపించకు.

మొదటి రోజు వాళ్ళు అడగ్గానే నోటి దాకా వచ్చింది, పుట్టుకతో ఉందని. అలా అంటే వెంటనే వచ్చే ప్రశ్న నీకు తెలుసు కదా, మీ అమ్మకి ఏం తినాలనిపించిందని. దానిమ్మ అంటాను. తెచ్చిపెట్టలేదా అంటారు. మీ నాన్న ఎలాంటి మనిషే అంటారు. పదహారేళ్ళు ఇంట్లో విన్నాను. ఆ తర్వాత నవంబరులో నాన్న పోయినప్పుడు, పరామర్శకని కుస్కుసు వండి పళ్ళేల్లో తెచ్చిన ఆడవాళ్ళకి అమ్మమ్మ ఏం చెప్పిందో నువ్వు వినలేదు. నువ్వు లోపల ఉన్నావు. మంచివాడేనమ్మా, ఆ దానిమ్మ ఒక్కటి తెచ్చుంటే అంది. వాళ్ళంతా నా వైపు చూసి తలలూపారు.

ఇక్కడ నాన్న ఎవరో ఎవరికీ తెలీదు. నలభై మంది ముక్కూ మొహం తెలీని వాళ్ళ చేత నాన్నని తిట్టించడం నా వల్ల కాలేదు. కాలిందంటే నిప్పుని తిడతారు. నిప్పు మనకి చుట్టం కాదు, ఎంత తిట్టుకున్నా పర్వాలేదు.

ఇంకొకటి. సైన్సు టీచరుని విడిగా అడిగాను. పండుకీ మచ్చకీ ఏ సంబంధం లేదట. చర్మం కింద రక్తనాళాలు అలా ఏర్పడ్డాయట. ఎవరి తప్పూ కాదట. నాన్న తప్పు కాదంటే సంతోషమే వేసింది. మంచం మీద పడుకున్నాక, ఎవరి తప్పూ కానప్పుడు ఇక అది ఉత్తి నేనే కదా అనిపించింది. దాంతో ఏం చేయాలో తెలీలేదు.

ఇత్తో

*

ఐత్ వర్గా, మార్చి 15

నా కోడిపిల్లా,

అమ్మమ్మకి చదవలేదు. పశువుల కొట్టంలో కూచుని చదువుకున్నాను.

మీ నాన్న గురించి ఒకటి నీకు తెలీదు. సంతలో, పెళ్ళిళ్ళలో నిన్ను చూసి ఎవరైనా అడిగితే ఆయనే ముందు నోరు తెరిచేవాడు. "నేను తేలేదండీ" అనేవాడు నవ్వుతూ. ఒక్కసారి కూడా ఆ ఈగ సంగతి ఎత్తలేదు. ఎత్తితే తిట్లు నాకు పడతాయని. పదహారేళ్ళు ఒకటే మాట, నేను తేలేదండీ. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు లేక ఇల్లు బోసిగా ఉంది. ఆయన్ని అమ్మమ్మ తిడుతుంటే కూడా నాకు బాగానే ఉంటోంది, ఎవరో ఆయన పేరెత్తారు కదా అని.

రక్తనాళాల సంగతి నాకు అర్థం కాలేదు. టీచరు చదువుకుంది, నిజమే అయ్యుంటుంది. ఉత్తి నువ్వే అన్నావు. నీతో ఏం చేయాలో నాకూ పుట్టినప్పుడు తెలీలేదు. పాలిచ్చాను.

సభలో ఏం చెప్తావో నీ ఇష్టం. పిల్లి ఉందంటే ఉంది. లేదంటే లేదు. నేను ముందు వరసలో ఉంటాను, నీ మొహం చూసి తల ఊపాలో వద్దో తెలుసుకుంటాను.

ఇజ్జా

*

మెక్నెస్, మార్చి 23

అమ్మా,

నువ్వు రాలేదు. నిన్నంతా కోపంగా ఉన్నాను. పొద్దున హమ్మూ మామ తమ్ముడు వచ్చి కారు కొండ కనుమ దగ్గర ఆగిపోయిందని చెప్పాక పోయింది. అమ్మమ్మ ఇంజను మీద ఉమ్మిందట, నిజమేనా?

జరిగింది రాస్తాను. హాలు నిండిపోయింది. ముందు వరసల్లో అంతా అమ్మలు, అమ్మమ్మలు. ఆఫీసరు గారు బండ తెచ్చి మంట వెలిగించి, తడిగుడ్డ కప్పి ఆర్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ చేయమన్నారు. మూడుసార్లు చేశారు పాపం. అప్పుడు వార్డెన్ గారు నన్ను పిలిచి, ఒక పిల్లి ఈ బిడ్డ జీవితాన్ని ఎలా మార్చిందో వినండి అన్నారు.

లేచి నిలబడ్డాను. తలుపు వైపు చూశాను, నువ్వొస్తావని. పిల్లి కథ మొదటి మాట నోట్లోనే ఉంది. నువ్వు తల ఊపడానికి లేవు కదా, ఎవరి కోసం చెప్పాలో తెలీలేదు.

"నాకు కాలలేదు. నేను ఇలాగే పుట్టాను. పిల్లి లేదు" అన్నాను.

ఆఫీసరు గారు ఏమనుకున్నారో వెంటనే బండ రెగ్యులేటరు కట్టేశారు. వార్డెన్ గారి మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడు ముందు వరసలో ఒక ముసలావిడ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నేను ఇన్ని నెలలూ భయపడిన ప్రశ్నే అడిగింది. మీ అమ్మకి ఏం తినాలనిపించిందమ్మా అని.

చెప్పాను. దానిమ్మ, ఏప్రిల్లో, మా నాన్న మూడు సంతలు తిరిగాడు, దొరకలేదు, తొక్కలు తెచ్చాడు అని.

ఆవిడ పక్కావిడ వైపు తిరిగి, "ఏప్రిల్లో దానిమ్మ ఎక్కడుంటుందే? పాపం, ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు" అంది.

అంతే అమ్మా. అవును, అవును, ఏప్రిల్లో ఎక్కడుంటుంది, దానిమ్మ కాపు సెప్టెంబరు దాటాకే కదా అని వరస వరసంతా అన్నారు. తొక్కలైనా తెచ్చాడు, మా ఆయన సీజన్లో ఉన్న అంజూర పళ్ళే తేలేదని ఒకావిడ లేచింది. ఇంకొకావిడ వేయించిన కాలేయం అడిగితే మొగుడు నిద్రపోయాడట, కూతురికి మోచేతి మీద మచ్చ ఉంది, చూపించింది. సైన్సు టీచరు రక్తనాళాల గురించి చెప్పడానికి రెండుసార్లు లేచారు, కూచోమన్నారు. ఆఫీసరు గారి భార్యకి కడుపుతో ఉన్నప్పుడు ఏమిష్టమో కూడా అడిగారు. ఆయన హెల్మెట్ తీసేసి ఆలోచించారు.

నాన్నని ఎవరూ ఏమీ అనలేదు.

అబద్ధం చెప్పినందుకు వారం రోజులు టీ గ్లాసులన్నీ నేనే కడగాలి. ఇక్రామ్ నాతో మాట్లాడటం లేదు. మొహం గురించి కాదు. "ఆ పిల్లిని నేను ఎంత తిట్టుకున్నానే" అంది.

అద్దం సంగతి అలాగే ఉంది. చూస్తే బాగుందని అనిపించదు, ఊరికే రాయను. కానీ ఎవరైనా అడిగితే ఇప్పుడు ఏ వారమో, ఏ చెవి తెగిందో గుర్తుచేసుకోనక్కర్లేదు. ఇలాగే పుట్టానంటాను. చెప్పడం త్వరగా అయిపోతుంది.

నేను ఇక్కడే ఉంటాను.

ఇత్తో

*

ఐత్ వర్గా, మార్చి 29

కోడిపిల్లా,

నిజమే, ఉమ్మింది. ముందు మంచి మాటలు చెప్పింది, తర్వాత ఉమ్మింది. కనుమ దగ్గర చలిలో సాయంత్రం దాకా కూచున్నాం. నేను తెల్లబట్టలు మార్చి నీలం రంగుది కట్టుకున్నాను, ఎవరూ చూడకుండానే ఇంటికొచ్చాను.

నీ ఉత్తరం అమ్మమ్మకి చదివాను. సభ దగ్గరికి వచ్చేసరికి ఆపి మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. మెక్నెస్ ఆడవాళ్ళకి దానిమ్మల గురించి ఏం తెలుసంది. రెండొందల మంది ఉన్నారమ్మా అన్నాను. రాత్రి రొట్టె కూడా మాట్లాడకుండా తింది.

శుక్రవారం పొద్దున్నే లేచి, రొట్టెలూ ఎండు అంజూరాలూ మూట కట్టి నాతోపాటు గోరీల దగ్గరికి వచ్చింది. పేదవాళ్ళకి పంచింది. తర్వాత మీ నాన్న తల దగ్గర నిలబడి, "ఏప్రిల్లో దొరకవటగా. ఆ మాట నువ్వే చెప్పొచ్చుగా, అన్నేళ్ళూ పళ్ళికిలించే బదులు" అంది. గొంతు తగ్గించలేదు. గోరీల దగ్గరున్న వాళ్ళంతా తిరిగి చూశారు. తర్వాత అక్కడే కూలబడి ఏడ్చింది. ఆయన పోయినప్పుడు ఏడవలేదు, నీకు గుర్తుందో లేదో. నేను లేపబోతే, ఆగవే, ఆలస్యంగా మొదలుపెట్టాను అంది.

నేను కూడా పక్కన కూచున్నాను. నువ్వు ఒక్కదానివే నిలబడి చెప్పావని ఆయనకి చెప్పాను. నేను రాలేకపోయానని కూడా చెప్పాను.

వచ్చే నెల నేనొక్కదాన్నే వస్తాను, బస్సులో. ఇక్రామ్‌కి ఏమిష్టమో రాయి, చేసి తెస్తాను. హాస్టల్లో పప్పు పల్చగా ఉంటోందని హమ్మూ తమ్ముడు చెప్పాడు. రెండోసారి అడిగి వేయించుకో, మొహమాటపడకు.

బాగా తిను.

అమ్మ